లాంతరు ఎలుక

"ఏం చేస్తున్నారమ్మా మీరు?"

అద్దెపుస్తకాల షాపాయన అరిచిన అరుపుకి మూల బెంచీ మీద కూర్చున్న ముసలావిడ ఉలిక్కిపడలేదు. చేతిలో ఉన్న తెల్లసిరా పెన్ను మాత్రం పక్కకి తీసింది.

ఆవిడ ఒళ్ళో ఉన్నది ఆయన పుస్తకం. ఈమధ్యే వచ్చిన కొత్త ముద్రణ. ఒక్క మడత పడకుండా చంటిపిల్లలా చూసుకుంటున్నాడు.

కారునలుపు పేజీలో ఒక మూల గోరంత ఎలుక. దాని చేతిలో లాంతరు. సిరా ఇంకా ఆరలేదు.

"మర్చిపోయారు నాయనా. పెడుతున్నాను" అందావిడ.

"ఎవరు మర్చిపోయారు?"

"అచ్చువేసినవాళ్ళు."

ఆయనకి ఒళ్ళు మండింది.

"పెద్దవారని ఊరుకుంటున్నాను. మళ్ళీ నా షాపు గుమ్మం ఎక్కొద్దు."

"ఆఖరి భాగం ఒక్కటే మిగిలింది నాయనా..."

"దాన్ని ముట్టుకున్నారంటే బాగుండదు!"

ఆవిడ పెన్నుని కొప్పులో గుచ్చుకుంది. అక్కడ అప్పటికే ఇంకో పెన్ను ఉంది.

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఆ రాక్షసుడికి చీకటంటే భయం" అని చెప్పి వెళ్ళిపోయింది.

మతి చలించిందనుకున్నాడాయన.

ఆ పుస్తకం ఒక మాంగా, అంటే జపాన్ పద్ధతి బొమ్మల కథ. వెనకనుంచి ముందుకి చదవాలి. ఒళ్ళంతా నోళ్ళున్న రాక్షసుడొకడు సొరంగాల్లో దారి తెలియక తిరుగుతుంటాడు. ఒక నోరు ఆవలిస్తే అన్ని నోళ్ళూ వరసగా ఆవలిస్తాయి. మోకాలి మీది నోటికి మాత్రం ఎప్పుడూ జలుబే.

షాపాయన వాటిని అద్దెకివ్వడమే గాని తెరిచి చూసి ఎరగడు. వాటి మీద ప్రాణం పెట్టుకున్నది ఆయన భార్య.

"ఇంత వికారంగా ఉన్నవాణ్ణి ఎలా చూస్తావే?" అనేవాడు.

"మీతో ఇన్నేళ్ళు కాపురం చెయ్యలేదూ? అలవాటైపోయింది" అనేది.

మళ్ళీ తనే, "అన్ని నోళ్ళున్నాయి గానీ, తిన్నావా అని అడిగేవాళ్ళు ఒక్కరూ లేరు పాపం" అని నిట్టూర్చేది.

భార్యకి కంటి ఆపరేషన్ దగ్గరపడుతోంది. భయం లేదన్నాడు డాక్టరు. భయం డాక్టరుకి లేదు, ఆవిడకి ఉంది. తర్వాత కనపడుతుందో లేదో, ముందే కథ పూర్తిచేయాలని పట్టుదల.

ఆఖరి భాగం తెచ్చిచ్చాడు. భూతద్దం పెట్టుకుని మొదలుపెట్టిన మనిషి కాసేపటికే బిక్కమొహం వేసింది.

"ఏమండీ, ఎలుక కనపడటం లేదు."

"ఏ ఎలుక?"

"లాంతరు ఎలుకండీ! ప్రతి భాగంలోనూ చీకటి పేజీల్లో ఉంటుందిగా. వాడి వెనకాలే దీపం పట్టుకుని తిరుగుతుంది. దాన్ని వెతికి పట్టుకున్నాకే నేను పేజీ తిప్పేది." ఆవిడ భూతద్దం కింద పెట్టేసింది. "నా చూపు పోయిందండీ."

షాపాయనకి అప్పుడర్థమైంది. ఆ ముసలావిడ గీసింది ఒక్క ఎలుకని కాదన్నమాట.

"చూపు పోలేదే. ఇందులో ఎలుకే లేదు" అని జరిగిందంతా చెప్పాడు.

"వెళ్ళగొట్టారా ఆవిడ్ని?"

"పుస్తకం పాడుచేస్తోందని..."

"నాకిన్నాళ్ళూ దీపం పట్టిన మనిషండీ ఆవిడ."

చెప్పులేసుకుని పరిగెత్తాడు. పక్క షాపు టైలరుని అడిగాడు.

"కొప్పులో పెన్నులావిడేనా? ఈ మేడమీదే అన్నకూతురింట్లో ఉండేది. ఇద్దరూ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో నాకూ తెలీదండీ."

చేసేదిలేక తెల్లసిరా కొనుక్కుని, తన ప్రాణంలాంటి కొత్త పుస్తకంలో తనే ఎలుకని గీశాడు. అది బంగాళాదుంపకి తోక మొలిచినట్టు వచ్చింది.

భార్య భూతద్దంలోంచి చూసి కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వుమొహంతోనే ఆపరేషన్‌కి వెళ్ళింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పే రోజుకి బంగాళాదుంప లేని ఆఖరి భాగం ఒకటి ఇవ్వాలని ఆయన ఊరంతా తిరిగాడు. చివరికి పాతపుస్తకాలతని దగ్గర మొదటి ముద్రణ కాపీ దొరికింది.

"ఇదెందుకండీ? నల్ల పేజీల్లో అన్నీ తెల్ల మచ్చలే. కొత్త ముద్రణకి వాటిని శుభ్రంగా తుడిపించారట" అన్నాడతను.

ఉన్నదే చాలనుకుని తీసుకున్నాడు.

కట్టు విప్పిన కళ్ళతో భార్య పుస్తకం తెరిచింది. ఒక్కసారి కేక పెట్టింది.

"ఏమండీ! ఎలుకలు!"

ఒకటా రెండా! సొరంగం చివర ఆ రాక్షసుడు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. చుట్టూ చీకట్లో ఎలుకలే ఎలుకలు. ప్రతిదాని చేతిలోనూ లాంతరు.

'ఆ ముసలావిడ ఈ పుస్తకం దాకా ఎప్పుడొచ్చిందబ్బా' అనుకుంటూ ఆయన బొటనవేలితో ఒక ఎలుకని రుద్దాడు. పోలేదు. గోటితో గీకాడు. అయినా పోలేదు. అది అచ్చు.

చివరి పేజీ తిప్పాడు. ఆ కథకి బొమ్మలు వేసినవాళ్ళంతా అక్కడ తమని తామే సరదాగా రాక్షసుల్లా గీసుకున్నారు. ఒకాయనకి కొమ్ములు, ఇంకొకాయనకి వీపునిండా కళ్ళు. పక్కనే మోచేతులదాకా నల్లసిరా పూసుకున్న అమ్మాయి ఒకతె నవ్వుతోంది.

ఆ అమ్మాయి కొప్పులో రెండు పెన్నులు గుచ్చి ఉన్నాయి.

కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "ఈ కథలో చీకటంతా నింపింది ఈ అమ్మాయే. వాడు భయపడతాడని అందులో దీపాలు దాచిపెట్టిందీ తనే."