మూడు గీతల ఎలుక

ఎలుకల మెదళ్లు స్కాన్ చేసి, ఆరోగ్యంగా ముసలవడం ఎలాగో కనిపెట్టడం నా ఉద్యోగం. ఈ పొద్దున ముసలి ఎలుక మెదడూ కుర్ర ఎలుక మెదడూ తెర మీద అచ్చుగుద్దినట్టు ఒకేలా వచ్చాయి. ముసలితనం ఉత్త భ్రమేనని డైరెక్టరుకి మెయిలు కొట్టేశాను.

స్కానింగ్ గదిలో పెద్ద అయస్కాంతం ఉంటుంది. అందుకని నా స్టీలు కళ్లజోడు బయటే వదలాలి. మా ఆవిడ ప్లాస్టిక్‌ది కొనిపెట్టింది గానీ, అందులో ముసలాడిలా కనిపిస్తానని నేను పెట్టుకోలేదు. అయినా ఏది ఏదో తెలియడానికి తోక మీద ఇంకుతో గీసిన గీతలు లెక్కపెట్టడానికి కళ్లజోడెందుకు? ముసలిదానికి మూడు, కుర్రదానికి ఒకటి.

టెక్నీషియన్ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది.

"సార్, రెండుసార్లూ ముసలిదాన్నే పెట్టారు. కుర్రది పొద్దుట్నుంచీ పంజరంలో చక్రం తిప్పుతూనే ఉంది."

రెండోసారి మత్తు ఇవ్వకముందే అది బుద్ధిగా పడుకుంటే, నా హస్తవాసి అనుకున్నాను.

ఇంటికి ఫోన్ చేసి, ఆ ప్లాస్టిక్ కళ్లజోడు ఎక్కడుందని అడిగాను.

"మీ కోటు జేబులోనే పెట్టానండీ. నాలుగుసార్లు చెప్పాను కూడా."

చెయ్యి పెట్టి చూశాను. ఉంది.

డైరెక్టరుకి ఇంకో మెయిలు రాశాను: "ముసలితనం నిజమే. గట్టి రుజువు దొరికింది, ఎలుకలో మాత్రం కాదు."