తెరిచి ఇచ్చిన కత్తి

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ముందుగా అది తేటగా చెప్పుకోవాలి.

జరిగింది ఒక పెద్దావిడకు. చవకలో ఒక మడత కత్తి కొనుక్కుందామని వచ్చిన పాపానికి, ఆమెను నలుగురి ముందూ దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టారు.

నిలబెట్టినవాడు దుర్మార్గుడేమీ కాడు. అందుకే ఆ అన్యాయం మరింత బరువైనది.

కత్తుల కొట్టు అతనిది. బల్ల వెనుక గోడకు ఒక పలక వేలాడుతోంది: "ఆటోమేటిక్ కత్తులు, రెండు చేతులూ బల్లమీద పెట్టినవారికే అమ్మబడును." మీట నొక్కగానే టక్కున తెరుచుకునే సరుకు కనుక, అల్లరిమూకలకు భయపడి అతను పెట్టుకున్న నియమం అది.

ఆమె వచ్చి బల్ల ముందు నిలబడింది. ఎడమచేతిలో సంచి. కుడిచెయ్యి కోటు జేబులో.

"మడత కత్తి కావాలి బాబూ. ఖరీదు తక్కువుండాలి, పని తక్కువ కాకూడదు."

"ఏం పనికి పెద్దమ్మా?"

"మొక్కలకు అంట్లు కడతాను."

"అయితే కార్బన్ ఉక్కు తీసుకోండి. పదును చక్కగా వస్తుంది. కాకపోతే తడి తగిలితే తుప్పు పడుతుంది."

"నా పనంతా తడిలోనే. తుప్పు పట్టనిదే ఇవ్వు. పదును నేను పెట్టుకుంటాను."

అతను ఒకటి తీసి, రెండు చేతులతో విప్పి చూపించాడు.

"ఇలా కాదు. మీట నొక్కితే తెరుచుకునేది. తెరిచాక దానంతటది మూసుకోకుండా లాక్ పడాలి."

"లాక్ లేని కత్తి ఈ కొట్లో దొరకదు. మా అమ్మ ఆజ్ఞ. ఎందుకని అడిగితే మాత్రం చెప్పదు."

ఆమె చూపు అప్పటికే పక్కనున్న అద్దాల పెట్టె మీద పడింది. లోపల ఒక పాత కత్తి. పిడి రంగు వెలిసిపోయింది. బ్లేడు మాత్రం తళతళలాడుతోంది.

"దాన్నెందుకు తెరిచి పెట్టారు?"

అతను ఛాతీ విరుచుకున్నాడు. ఆ కథ చెప్పడమంటే అతనికి పండగ.

"మా అమ్మ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. పసివాణ్ణి నన్ను వెంట తీసుకెళ్ళేది. ఓ రోజు యంత్రం పట్టీ నా మెడకు చుట్టుకుంది. ఎవరో ఒకావిడ పరిగెత్తుకొచ్చి, ఆ కత్తితో పట్టీ కోసి, తెరిచిన కత్తి తెరిచినట్టే అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కత్తి లోపలికి తెచ్చిందని ఆవిణ్ణే పనిలోంచి తీసేశారు!"

"మెచ్చుకోవాల్సిందే ఆ యజమానుల్ని," అంది ఆమె పొడిగా. "అయితే మడిచి పెట్టుకోవచ్చుగా?"

"మా వృత్తిలో పద్ధతొకటుంది పెద్దమ్మా. మడిచి ఇచ్చింది మడిచే తిరిగివ్వాలి, తెరిచి ఇచ్చింది తెరిచే ఇవ్వాలి. ఆవిడ కనబడితే ఈ కొట్టు తాళాలు ఆవిడ చేతిలో పెట్టేస్తాను!"

"మాట బాగుంది. మరి నా కత్తి?"

అతను పలక వైపు వేలు చూపాడు. ఆమె సంచి కింద పెట్టి, ఎడమచెయ్యి బల్లమీద ఉంచింది.

"రెండోది?"

"ఇది చాలు."

"జేబులో ఏముంది పెద్దమ్మా?"

"నా చెయ్యి."

"కొట్టులోది ఇంకేమైనా ఉందేమో!" అన్నాడు వెనకనుంచి ఒక కొనుగోలుదారు. ఇంకొకడు కిసుక్కున నవ్వాడు.

"తీసి చూపిస్తే అనుమానం తీరిపోతుందిగా," అన్నాడు కొట్టతను. గొంతు గట్టిపడింది.

"చూపను. సంతలో పశువునా, కాళ్ళూ చేతులూ చూసి బేరమాడడానికి?"

"చూపకపోతే కత్తి లేదు."

"లేకపోతే మానె. నీ పలక నీ దగ్గరే ఉంచుకో."

ఆమె తల వంచలేదు. సంచి అందుకుని, గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగింది.

"ఆ పెట్టెలో కత్తికి లాక్ లేదు. తుడిచేటప్పుడు జాగ్రత్త."

"నా కొట్లో నాకే పాఠాలు!" అని అతను నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు.

గొడవ విని, మేడమీద నుంచి తల్లి మెట్లు దిగి వచ్చింది.

"ఎవర్రా?"

"ఎవరో పొగరుబోతు ముసలమ్మ. చెయ్యి చూపించమంటే రోషం. పైగా, ఆ కత్తికి లాక్ లేదు జాగ్రత్త అని నాకే చెప్పింది."

తల్లి మెట్టు మీదే ఆగిపోయింది.

"ఏ చెయ్యి చూపించలేదు?"

"కుడిచెయ్యి. ఏం?"

"లాక్ ఉండేది పిడి లోపలరా. అద్దంలోంచి చూస్తే కనబడుతుందా?"

అతను అద్దాల పెట్టె వైపు చూశాడు. నిజమే. కనబడదు.

తల్లి పెట్టె తెరిచి, కత్తి తీసి అతనికిచ్చింది.

"మడవకు. పరిగెత్తు."

తెరిచిన కత్తితో వీధిలో పరిగెత్తేవాణ్ణి చూసి జనం చెల్లాచెదురయ్యారు. బస్సు స్టాపులో ఒకాయన కేక పెట్టాడు: "ఏయ్, రెండు చేతులూ పైకెత్తు!"

అతను ఎత్తాడు. సిగ్గుతో తల మాత్రం ఎత్తలేకపోయాడు.

"అతన్ని రానివ్వండి," అంది పెద్దావిడ, బెంచీ మీద నుంచి లేవకుండానే. "నాకు బాకీ ఉన్నాడు."

అతను ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. కత్తిని పద్ధతి ప్రకారం, పిడి ఆమె వైపు తిప్పి, రెండు చేతులతో చాచాడు.

లాక్ లేని ఆ కత్తి ఫ్యాక్టరీలో పట్టీ కోస్తుండగా మూసుకుపోయినప్పుడు రెండు వేళ్ళు పోగొట్టుకున్న కుడిచేతిని ఆమె జేబులోంచి తీసి, దానితోనే కత్తిని అందుకుని, ఎడమచేత్తో టక్కున మడిచి, "మీ బాకీ పూర్తిగా తీరింది, పద, ఆ పలక తీసేసి, నాకు కావలసిన కత్తి పూర్తి ధరకు అమ్ము," అంది.