తల్లి గొంతుకు లేచే గీత

నర్మెట్ట పొలాల పక్కన రాత్రివేళ ఆగిన పరిశోధన వ్యానులో, నిద్రపోతున్న నాలుగు నెలల అకీల్ తలకు తీగల టోపీ తొడిగింది పరిశోధకురాలు మనోరమ. వాడి మెదడు తల్లి గొంతును గుర్తుపడితే తెరమీద గీత లేస్తుంది. ఇంకెవరు పిలిచినా లేవదు.

"బేటా," అంది తల్లి నిఖత్. గీత లేచింది.

"చాలు చెల్లె. ఇగ సప్పుడు చెయ్యకు."

గీత పడుకుంది. కాసేపటికి మళ్లీ లేచింది.

"గిదేంది, మాట్లాడినవా?"

"లేదక్కా. అల్లా కసం, నోరే తెరవలే."

మనోరమ ఏసీ కూడా ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో గీత లేస్తూ పడుతూనే ఉంది, ఎవరో ఆగి ఆగి ఏదో అడుగుతున్నట్టు.

"నా బిడ్డతోని ఎవరు మాట్లాడుతుండ్రక్కా?"

సరేనని తల ఊపడం ఆ వయసు పిల్లలకు ఇంకా రాదు.

కళ్లు తెరవకుండానే, మెల్లగా, అకీల్ తల ఊపాడు.