చప్పుడు కాకూడదు

“ఇదీ ఒక కారేనా? దీన్ని నడిపేవాడూ ఒక మనిషేనా?”

కారు కిందికి తొంగి చూసిన మెకానిక్ తల బయట పెట్టకుండానే మొదలుపెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం. వీధి మొత్తం భోంచేసి పడుకుంది. ఫోన్ చేసి పిలిపించిన ఆవిడ మాత్రం భుజాన సంచితో గోడ పక్కన నిలబడి, మేడ మీది కిటికీ వైపే చూస్తోంది.

“కాస్త మెల్లగా అన్నయ్యా. పైన నిద్రపోతున్నారు.”

“ఎవరు, మీ ఆయనా? పడుకోనివ్వండి. అంతకంటే ఏం చేతనవుతుంది!”

ఇంజను శబ్దం వింటే చాలు, రోగం చెప్పేస్తాడని ఈ మెకానిక్‌కి పేరు. ఆ పేరు ఊరంతా చాటింది కూడా ఎక్కువగా అతనే. కారు ఓనర్లంటే అతనికి పరమ లోకువ. అందులోనూ మొగుళ్ళంటే మరీను.

“తాళం ఇవ్వండి.”

“ఆయన దగ్గరే ఉంటుంది. ఎవరికీ ఇవ్వరు.”

“ఇల్లాలికి కూడానా? ఛీ!”

అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇనపబద్ద ఒకటి అద్దం సందులో దూర్చి తలుపు తీశాడు. స్టీరింగు కింద రెండు వైర్లు కలిపాడు. ఇంజను కీచుమంటూ లేచింది. ఆవిడ చటుక్కున చెవులు మూసుకుంది. అదృష్టం, పై కిటికీ కదల్లేదు.

“బెల్టు వదులు. ఎన్నాళ్ళ నుంచి అరుస్తోందో పాపం, వినడానికి చెవులుండాలిగా! కింద కారేది ఇంజనాయిలు. ఫిల్టరు సరిగ్గా బిగించలేదు. ఆ మాత్రానికి కూడా ఒళ్ళు వంగలేదు మీ ఆయనకి.”

“ఆ రెండూ పోతే చాలు అన్నయ్యా. ఈ కారు కదిలితే వీధంతా తిరిగి చూస్తుంది. వెళ్ళిన దారంతా చుక్కలు పడతాయి. వాటిని పట్టుకుని నా వెనకే వచ్చేస్తారు. ఆయన లేచేలోగా ఊరు దాటకపోతే నా బతుకు బుగ్గే.”

సంచీ, బెదురు చూపులు, ఇవ్వని తాళం. మెకానిక్‌కి సంగతంతా అర్థమైపోయింది.

“ఇంకేం చెప్పకు చెల్లెమ్మా” అన్నాడు.

బెల్టు బిగించాడు. ఫిల్టరు బిగించి, తుడిచి, తన దగ్గరున్న ఆయిలే పోశాడు. ఈసారి ఇంజను ఉందో లేదో తెలియనట్టు తిరిగింది. చుక్క కారలేదు. ఆవిడ పర్సు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“అన్న దగ్గర ఇదేం పని? వెనక్కి చూడకుండా వెళ్ళిపో.”

కారు చడీచప్పుడు లేకుండా మలుపు తిరిగింది.

అతను మాత్రం కదల్లేదు. మేడ మీద పడుకున్న ఆ మొగుణ్ణి నాలుగు దులిపితే గానీ కడుపు చల్లబడేలా లేదు. కాసేపటికి బనీనుతో ఆవలిస్తూ ఒకాయన మెట్లు దిగాడు, వేలికి కారు తాళం తిప్పుకుంటూ.

“ఏమయ్యా! ఇంజను ఏడిస్తే వినవు, పెళ్ళాం ఏడిస్తే వినవు. నీకు కారెందుకు, కాపురమెందుకు? బంగారంలాంటి పిల్ల, వెళ్ళిపోయింది. మంచి పని చేసింది. దగ్గరుండి నేనే పంపించాను!”

ఆయన ఖాళీ జాగా వైపు చూశాడు. నేల మీది నూనె మరక వైపు చూశాడు. తర్వాత మెకానిక్ వైపు చూశాడు.

“నాకింకా పెళ్ళే కాలేదండీ, నా కారేది?”