మూడో ముద్దుకు ముందు

క్షమాపణల ఆదివారం. చర్చిలో ప్రతివాళ్లూ ప్రతివాళ్లనీ క్షమించమని అడిగి, బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టాల్సిందే. పొరుగింటి పెర్సిదాకు రెండు పెట్టాక దరింకా ఇక ఆగలేకపోయింది.

“వదినా, పోయినేడు మీ పుంజును కోసింది నేనే!”

“దేవుడు క్షమిస్తాడు” అనాలి పెర్సిదా. అనలేదు.

“నువ్వు జ్వరంతో పడుంటే సూపు తెచ్చానే, అది...”

“నా పుంజే. తెలుసులే.”

“ఎలా?”

“దాని కాలికి నేను కట్టిన ఎర్రదారం గిన్నెలో తేలింది.”

“తెలిసీ తాగావా!”

“కానివ్వండమ్మా!” వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు.

“తాగక? ఆ వారమంతా నా గడప తొక్కింది నువ్వొక్కదానివే.”

పెర్సిదా మూడో ముద్దు గట్టిగా పెట్టింది.

“దేవుడు క్షమిస్తాడు. ఈసారి దారం తీసి వండు.”