ఇసుక బొమ్మ

ఆ కొట్లో అద్దం ఒక్కటే. ఇసుక నింపిన బొమ్మ కూడా ఒక్కటే.

పసిబిడ్డను గుండెకు కట్టుకునే బేబీ క్యారియర్ కొనేవాళ్ళు, అందులో ఆ బొమ్మను కట్టుకుని అద్దంలో చూసుకోవాలి. బరువు అచ్చం పసిబిడ్డంత.

ఒక పెద్దావిడ ఆ బొమ్మను కట్టుకుని అద్దం ముందు నుంచి కదలడం లేదు.

"ఏవండీ, ఆవిడ ఇవాళ తెమిలేలా ఉందంటారా?" భర్త చెవిలో గొణిగింది కొత్త తల్లి.

అతను ఇంకో క్యారియర్‌ను తిరగేసి తగిలించుకుని, పట్టీల మధ్య ఇరుక్కుపోయి ఉన్నాడు.

"ముందు నన్ను ఇందులోంచి బయటికి లాగు తల్లీ. ఆవిడ సంగతి తర్వాత చూద్దాం."

ఆమెకు నవ్వాగలేదు. కాన్పయ్యాక అలా నవ్వడం అదే మొదలు.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టాడు. వెంటనే ఆమెకు జ్వరం పట్టుకుంది. బిడ్డ దగ్గరికి రానివ్వలేదు.

ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో ఆ పసివాణ్ణి రోజూ గుండెల మీద పడుకోబెట్టుకుని వెచ్చగా కాపాడింది, సేవ చేయడానికి వచ్చే ఒకావిడ.

భర్త గాజు తలుపు అవతల నుంచి చూశాడు గానీ, టోపీ, మాస్కు, వంచిన తల తప్ప ఏమీ కనిపించలేదు. ఆవిడ బిడ్డ మీద నుంచి చూపు తిప్పితేగా!

ఇవాళ బిడ్డ ఇంటికొస్తున్నాడు. ముందు ఆవిడ చేతులు కళ్ళకద్దుకోవాలి. ఆ తర్వాతే బిడ్డను గుండెకు కట్టుకోవాలి. కొత్త తల్లి కోరిక అదొక్కటే.

పెద్దావిడ బూడిద రంగు క్యారియర్‌లో బొమ్మతో మెల్లగా ఊగుతోంది. రెండు వేళ్ళతో దాని చెవి తమ్మె నిమురుతోంది.

"అమ్మా, కాస్త మాకూ ఇస్తారా?"

"ఒక్క క్షణం తల్లీ. మెడ వాలిపోతోందేమో చూస్తున్నా."

"బొమ్మ మెడేగా, ఏం కాదులెండి."

కొట్లో పనిచేసే అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆవిడా నవ్వింది. బొమ్మను మాత్రం వదల్లేదు.

కొత్త తల్లికి ఓపిక నశించింది.

"ఆడుకోవాలంటే తర్వాత ఆడుకోండి! బిడ్డ ఉన్నవాళ్ళం మేము. వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళే తొందరలో ఉన్నాం."

నిమురుతున్న వేళ్ళు ఆగాయి.

"అయితే ముందు మీరే." ఆవిడ పట్టీలు విప్పి బొమ్మనూ, క్యారియర్‌నూ ఆమె చేతుల్లో పెట్టింది. "ఇదే తీసుకో తల్లీ. అన్నీ కట్టి చూశాను, భుజం కొయ్యనిది ఇదే. ఈ రకంలో ఇంకోటి లేదట. నా వాడికి వేరే ఏదైనా చూస్తాలే."

ఆవిడ గడప దాటగానే భర్త కన్ను గీటాడు.

"నా వాడట! మన ఇసుకబాబేనా?"

ఆ క్యారియర్‌నే కొనుక్కుని, ఇద్దరూ నవ్వుకుంటూ రోడ్డు దాటారు.

కింద ఆఫీసులో డిశ్చార్జి సంతకాలన్నీ అయ్యి, వాళ్ళు పైకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ సేవ చేసినావిడ ఏరని కొత్త తల్లి అడిగేలోపే, నర్సు బిడ్డను క్యారియర్‌లో సర్ది, ఆమె గుండెకు ఆనించింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఊపినా ఆగలేదు. వీపు తట్టినా ఆగలేదు. ఆమెకూ ఏడుపొచ్చేలా ఉంది.

"చెవి తమ్మె నిమరండి. రెండు వేళ్ళతో," అంది నర్సు. "వాణ్ణి ఇన్నాళ్ళూ ఎత్తుకున్న పిన్నిగారు చేసిన అలవాటు."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భర్త గిరుక్కున తిరిగి కిటికీలోంచి ఎదురు కొట్టు వైపు చూశాడు.

"ఆవిడ... ఎక్కడున్నారు?" అడిగింది ఆమె.

"ఇప్పుడే వెళ్ళిపోయారండీ. ఇక రారు, కూతురి ఊరికి మారిపోతున్నారు. మీకోసం చూసి చూసి, బండికి వేళవుతోందని బయల్దేరారు."

అతను మెట్ల మీదుగా పరుగెత్తాడు. రొప్పుతూ వచ్చి, తల అడ్డంగా ఊపాడు.

ఆమె రెండు వేళ్ళతో బిడ్డ చెవి తమ్మె నిమిరింది. ఏడుపు ఆగింది. వాడి బుగ్గ ఆమె గుండె మీద మెత్తగా వాలింది.

నర్సు బూడిద రంగు పట్టీని తడిమి చూసింది.

"అయ్యో, పిన్నిగారు చెప్పింది అచ్చం ఇలాంటిదే! 'నా వాడికి నా గుర్తుగా ఉంటుంది' అని పొద్దున ఎదురు కొట్టుకెళ్ళి, ఎవరో తల్లి తొందరలో ఉందని ఇచ్చేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు."