కొన నలగకుండా

సుహాసిని నాగర్‌కర్నూల్ బస్టాండులో ఒకచోట నిలవలేకపోతోంది.

డిగ్రీ కాలేజీలో ఆమె బోటనీ లెక్చరర్. మధ్యాహ్నం ప్రాక్టికల్స్. సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచును పిల్లలు పుస్తకంలో బొమ్మగానే చూశారు. అందుకే విశాఖలో ఉంటున్న స్నేహితురాలు అఖిల, తెలిసిన మనిషి చేతికిచ్చి పచ్చి నాచు పంపింది.

చివరికి హైదరాబాద్ బస్సులోంచి అతను దిగాడు. చేతిలో తడిగుడ్డ చుట్టిన డబ్బా. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సుహాసిని మేడమేనా? నేను స్టీఫెన్. అఖిలక్క పంపింది."

"గింత ఆలస్యమా!"

"తొవ్వల బస్సు ఖరాబైంది మేడం. నేను పోత, లింగాల బస్సు నిలబడ్డది."

"ఆగు. ముందు చూడనియ్యి."

డబ్బా అతని చేతిలోనే ఉంచి, మూత తీసి భూతద్దం పెట్టింది.

"ఇది కొనల్లనే పెరుగుతది. కొనకు ఒక్కటే కణం. అది నలిగితే నాకెందుకూ పనికిరాదు."

"నలగలే మేడం. ఒళ్లె పెట్టుకొనే వచ్చిన. గుడ్డ ఆరనియ్యలే."

అతని ఫోను మోగింది.

"వస్తున్న... జర ఆగుండ్రి," అన్నాడు మెల్లగా.

"కదలకు! నీళ్లు ఒలుకుతున్నయి. ఏంది అంత పరేషాన్?"

అతను డబ్బాను రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు. లింగాల బస్సు కదిలి వెళ్లిపోయింది.

సుహాసిని డబ్బా అందుకుని ఆటో ఎక్కేసింది.

ల్యాబులో పిల్లలు మైక్రోస్కోపు దగ్గర తోసుకున్నారు. నాచు కొసన, అద్దపు బిళ్లలాంటి ఒక్క కణం.

"మేడం, మొక్కంతా దీన్నుంచేనా?" అంది అమూల్య, కన్ను తీయకుండా.

సుహాసినికి అప్పటికి ఊపిరాడింది. అంతలో అఖిల ఫోన్ చేసింది.

"స్టీఫెన్ కలిసిండా?"

"కలిసిండు. ఏం మనిషే! నిప్పుల మీద నిలబడ్డట్టు ఒకటే తొందర."

"నీకు చెప్పలేదా?" అఖిల గొంతు తగ్గింది. "మా వీధిల మేస్త్రీ పని చేస్తడు. ఊరి నుంచి కబురొచ్చి బయలెల్లిండు. నాచు సంగతి ఇడిసిపెట్టు, హైదరాబాద్‌ల సక్కగ అచ్చంపేట బస్సెక్కు, మీ ఊరికి అదే దగ్గరి తొవ్వ అన్న. ఇనలే. 'దాంట్ల పానమున్నదక్కా, ఇడిసిపెడితే సస్తది, ఇచ్చే పోత' అన్నడు."

"ఏం కబురు?"

"వాళ్లమ్మ పోయింది సుహా... కొడుకు ముఖం చూసినంకనే మట్టి చేద్దామని, లింగాలల పొద్దటి నుంచి ఆపి పెట్టిండ్రు."